వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు: మీకు సరిపోయే బ్రాంచ్ ఏదో తేల్చుకోవడం ఎలా

జూలై వచ్చిందంటే విశాఖలో మా ఎంవీపీ కాలనీ వీధిలో సాయంత్రాలు ఒకటే మాట. ఎవరికెంత ర్యాంకు, ఏ కాలేజీ, సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, వస్తుందా రాదా. కావాల్సిన కాలేజీలు, బ్రాంచ్‌లు వరసగా ఆన్‌లైన్‌లో ఎక్కించే ఈ వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు రాత్రి పదింటికి పై వాటాలో ఉండే అమ్మాయి ఫోన్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "అక్కా, అరవై ఆప్షన్లు పెట్టేశాను. కానీ ఇందులో ఏది చదవాలనుందో నాకే తెలీట్లేదు" అంది. గడువు ముగియడానికి రెండు గంటలు కూడా లేదు. అంతసేపట్లో ఏం తేలుస్తాం? ఉన్న వరస కొంచెం సర్ది పంపించాను, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది ఆఖరి రాత్రి చేసే పని కాదు. మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోయాక జూలై దాకా దొరికే సమయంలో కొంచెం కొంచెంగా చేసుకోవాల్సిన పని. ఎలా చేసుకోవచ్చో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఎంపీసీ అయ్యాక ఈసీఈలో, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్‌లో చేరాను. కారణం? నా ర్యాంకుకి ఆ కాలేజీలో ఆ బ్రాంచ్ వచ్చింది, మా పెదనాన్న కొడుకు అదే చదివాడు. ఇంకేం లేదు. ఏడాది తర్వాత మానేసి డిగ్రీలో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ తీసుకున్నాను. కట్టిన ఫీజులో రూపాయి వెనక్కి రాలేదు, తాకట్టు పెట్టిన అమ్మ గాజులు విడిపించడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు పరవాడ వైపు మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను, రోజంతా బ్యాచ్‌ల లెక్కలు చూడటమే పని, అది నాకు ఇష్టమైన పని. మీ ఇంట్లో ఆ ఏడాది, ఆ గాజులు పోకూడదనే ఇదంతా.

నేను ఆలస్యంగా తెలుసుకున్నది ఒకటే. బ్రాంచ్ అంటే ఉద్యోగం పేరు కాదు, నాలుగేళ్లు రోజూ కూర్చుని చేసే పని. ఆ పని ఎలా ఉంటుందో చేరకముందే కాస్త చేసి చూడొచ్చు, పైసా ఖర్చు లేకుండా. కింద చెప్పేవన్నీ దానికోసమే.

మొదటి పని: పదిహేను రోజుల నోట్‌బుక్

"నీకేది ఇష్టం?" అని అడిగితే ఎవరికీ నిజమైన జవాబు రాదు. పదిహేడేళ్ల వయసులో మనకి ఇష్టమనిపించేది చాలావరకు చూసింది, విన్నది. అందుకే ఆ ప్రశ్న వదిలేసి ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. పదిహేను రోజులపాటు రోజూ రాత్రి మూడే మూడు లైన్లు రాయండి: ఇవాళ ఎవరూ చెప్పకుండా నేను చేసిన పని ఏది, ఏ పని చేస్తుంటే టైమ్ తెలీలేదు, ఏ పని తప్పించుకున్నాను. ఫోన్ చూశాను అని రాసినా ఫర్వాలేదు, కానీ ఫోన్‌లో ఏం చూశారో రాయండి. ఓడలు కట్టే వీడియోలా, మొక్కలకు పట్టే తెగుళ్లా, కోర్టు వాదనలా, షేర్ మార్కెట్టా.

పదిహేను రోజులయ్యాక ఆ పేజీలన్నీ ఒకేసారి చదవండి. ఇక్కడ మూడు చోట్ల మోసపోతాం, జాగ్రత్త.

చూడటం వేరు, చేయడం వేరు. రాకెట్ పైకి లేవడం చూడటం అందరికీ ఇష్టమే, కానీ ఏరోస్పేస్ చదవడమంటే ద్రవాల ప్రవాహం మీద సమీకరణాలు పేజీల కొద్దీ రాయడం. గేమ్ ఆడటం ఇష్టమైతే అది గేమ్ ఆడటమే, ప్రోగ్రామింగ్ మీద ఇష్టం కాదు. ఆ గేమ్‌లో ఒక లెవెల్ మీరే తయారు చేయాలని ప్రయత్నించి, రెండు గంటలు తంటాలు పడి, అయినా మర్నాడు మళ్లీ కూర్చున్నారా? అయితే అది లెక్కలోకి వస్తుంది.

రెండోది, లెక్చరర్ మీద ఇష్టాన్ని సబ్జెక్టు మీద ఇష్టం అనుకోవడం. నాకు ఫిజిక్స్ విషయంలో జరిగింది అదే. ఇంటర్‌లో మా ఫిజిక్స్ సార్ పాఠం చెబుతుంటే సినిమా చూసినట్టు ఉండేది, ఆయన లేని చోట ఒక్క చాప్టర్ కూడా నాకై నేను తెరవలేదన్న సంగతి ఈసీఈ రెండో సెమిస్టర్‌లో గాని అర్థం కాలేదు. మీరే అడిగి చూసుకోండి: ఆ సార్ లేకుండా, పరీక్ష లేకుండా, ఆ పుస్తకం తెరిచానా?

మూడోది ఫలితం మీద ఇష్టం. తెల్ల కోటు, ఓడ మీద యూనిఫాం, కోర్టులో నల్ల గౌను. అవి కనిపించే గంట వెనక కనిపించని పది గంటలుంటాయి. మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్ ఓపీలో ఒక్క ఉదయం ఏదో పనిమీద కూర్చుంటే తెలుస్తుంది, డాక్టర్ పని అంటే ఒకే రకం ప్రశ్న వందమందిని ఓపిగ్గా అడగడమని. ఆ ఓపిక మీకుంటే మంచిదే, అది చాలా పెద్ద సామర్థ్యం.

రెండో పని: మార్కుల్ని విడదీసి చూడటం

మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం మీద ఏడు సెకన్లు. అక్కడ వచ్చే ర్యాంకు మీ వేగాన్ని, సాధనను చూపిస్తుంది. ఒకే లెక్క మీద రెండు గంటలు కూర్చోగలరా, బొమ్మలో లేని మూడో వైపుని ఊహించగలరా, చేసిన ప్రయోగాన్ని రెండు పేజీల్లో పొందిగ్గా రాయగలరా, ఇవేవీ ఆ పరీక్ష అడగదు. కాలేజీలో మాత్రం అడిగేవి ఇవే.

అందుకని మొత్తం ర్యాంకు కాసేపు పక్కన పెట్టి సబ్జెక్టువారీగా ఎన్ని వచ్చాయో రాసుకోండి. తర్వాత ఇంట్లోనే కొన్ని చిన్న పరీక్షలు పెట్టుకోండి. ఒక్కో దానికి ఒక పూట చాలు.

జవాబు చూడకుండా ఒక కష్టమైన లెక్కతో రెండు గంటలు కూర్చోండి. లెక్క రావడం, రాకపోవడం కాదు ముఖ్యం. గంట దాటాక విసుగొచ్చిందా, పంతం వచ్చిందా అన్నది రాసుకోండి. తాళం కప్పనో, పాడైన మిక్సీ మూతనో మూడు వైపుల నుంచి కాగితం మీద గీయండి. ఇంట్లో పక్కన పడేసిన టేబుల్ ఫ్యాన్ ఉంటే ప్లగ్ తీసేసి, పెద్దవాళ్లను దగ్గర పెట్టుకుని విప్పి మళ్లీ బిగించండి. ఎర్రమట్టి దిబ్బల దాకా వెళ్లి, అంత మట్టి అక్కడికి ఎలా వచ్చి ఉంటుందో మీ బుర్రకి తోచింది ఒక పేజీ రాయండి. ఫోన్‌లోనైనా సరే పైథాన్‌లో ఇరవై లైన్ల ప్రోగ్రాం రాయండి, ఎర్రర్ వస్తే అందులో ఏం రాసుందో చదివి సరిచేయండి. ఇంటర్ చదివే తమ్ముడికో చెల్లికో ఒక పాఠం చెప్పి, వాళ్లకి అర్థమైందో లేదో వాళ్ల చేతే మళ్లీ చెప్పించుకుని చూడండి.

ఏ బ్రాంచ్ ఏం అడుగుతుందో నా మాటల్లో చెప్తాను, నేను చదివినవీ, కలిసి చదివినవాళ్ల దగ్గర చూసినవీ కలిపి. ఈసీఈ, ఎలక్ట్రికల్ బ్రాంచ్ ఈఈఈ అంటే గణితం తగ్గుతుందేమో అనుకుంటారు, తగ్గదు, కంటికి కనిపించని తరంగాల మీద గణితం చేయాలి. సీఎస్‌ఈకి ఇంటర్ కాలిక్యులస్ కన్నా తర్కం ఎక్కువ కావాలి, తన తప్పుని తనే గంటల తరబడి వెతుక్కునే ఓపిక కావాలి. మెకానికల్‌కి కాగితం మీద బొమ్మ చూసి వస్తువును మనసులో తిప్పగలగాలి. సివిల్‌లో లెక్కలతో పాటు ఎండలో నిలబడటం, మేస్త్రీతో, కాంట్రాక్టరుతో మాట్లాడి పని చేయించుకోవడం ఉంటాయి.

కెమికల్ ఇంజినీరింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మన ఊళ్లో రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, పరవాడ, అచ్యుతాపురం కంపెనీలు ఉన్నాయి కాబట్టి చాలామంది అటు చూస్తారు. కెమిస్ట్రీ ఇష్టమని కెమికల్‌లో చేరేవాళ్లు చాలా నిరాశపడతారు. అక్కడ చదివేది రసాయన చర్యల కన్నా ఎక్కువగా పైపుల్లో ద్రవం ఎలా పారుతుంది, వేడి ఎటు పోతుంది, ఎంత సరుకు లోపలికి వెళ్తే ఎంత బయటికొస్తుంది అన్న లెక్కలు. అంటే గణితం, ఫిజిక్స్. మా ఫ్యాక్టరీలో కెమికల్ ఇంజినీర్లు రియాక్టర్ ఉష్ణోగ్రత, పీడనం చూసుకుంటారు, సీసాలో రంగు మారడం చూసి సంతోషపడేవాళ్లు ల్యాబ్‌లో ఉంటారు, వాళ్లు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు, ఫార్మసీ వాళ్లు. మీకు ఆ రంగు మారడమే ఇష్టమైతే బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ చూడండి. బీఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ చేరొచ్చు, ఈ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. ప్రమాదం ఎలా జరుగుతుంది, ఎలా ఆపాలి అన్న ప్రశ్న మిమ్మల్ని పట్టుకుంటే మాత్రం కెమికల్‌లో దానికి పెద్ద చోటుంది. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి బయటికొచ్చిన రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరికీ ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్పక్కర్లేదు.

బైపీసీ వాళ్లకు ఎంబీబీఎస్ ఒక్కటే దారి అన్నట్టు ఇంట్లో మాట్లాడుతుంటారు. నీట్‌కి ఎన్నిసార్లు కూర్చుంటారో మొదటిసారి రాసే ముందే ఇంట్లో అనుకుని కాగితం మీద రాసుకోండి, రెండోసారి ఫలితం వచ్చిన రాత్రి ఏడుపులో ఆ నిర్ణయం తీసుకోకూడదు. బీఎస్సీ అగ్రికల్చర్, పశువైద్యం, మత్స్యశాస్త్రం, ఫిజియోథెరపీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ, ఆప్టోమెట్రీ, ఇవన్నీ వేర్వేరు స్వభావాలవాళ్లకు సరిపోయే పనులు. నీట్ రానివాళ్ల కోసం మిగిలిన సీట్లుగా వాటిని చూడొద్దు. సీఈసీ, ఎంఈసీ వాళ్లైతే బీకాంతో పాటు సీఏ ఫౌండేషన్, లేదంటే అయిదేళ్ల లా. సబ్బవరం దగ్గరి దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకి క్లాట్ రాయాలి, మిగతా లా కాలేజీలకు లాసెట్.

మూడో పని: రెండో ఏడాది సిలబస్ రుచి చూడటం

అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. బీటెక్ మొదటి ఏడాది అన్ని బ్రాంచ్‌లకూ దాదాపు ఒకటే ఉంటుంది, గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, డ్రాయింగ్, సీ ప్రోగ్రామింగ్. అసలు బ్రాంచ్ మొదలయ్యేది రెండో ఏడాదిలో. మన వైపు చాలా కాలేజీలు విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ కింద ఉన్నాయి, వాటి సిలబస్‌కి ఆర్23 అని పేరు, నెట్‌లో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీకి, గీతమ్‌కి వాటి సిలబస్ వాటికి ఉంటుంది.

మీరు అనుకుంటున్న మూడు బ్రాంచ్‌లు ఎంచుకోండి, మూడుకు మించొద్దు. ఒక్కో దానిలో రెండో ఏడాది సబ్జెక్టు ఒకటి తీసుకోండి. సీఎస్‌ఈకి డేటా స్ట్రక్చర్స్, ఈసీఈకి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ఈఈఈకి ఎలక్ట్రికల్ సర్క్యూట్స్, మెకానికల్‌కి థర్మోడైనమిక్స్, సివిల్‌కి స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్. ఐఐటీ ప్రొఫెసర్లు ఈ సబ్జెక్టులన్నీ ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఉచితంగా చెప్పారు. మొదటి అయిదు పాఠాలు వినండి, ఒక బ్రాంచ్‌కి ఒక వారం. వినడంతో ఆపొద్దు, అసైన్‌మెంట్ కాగితం మీద చేయండి. ఇంగ్లీషు వేగంగా అనిపిస్తే వేగం తగ్గించి పెట్టుకోండి, ఆపి మళ్లీ వినండి, సిగ్గుపడాల్సింది ఏం లేదు, నేను ఇప్పటికీ అలాగే వింటాను.

అర్థమైందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు, అయిదు పాఠాల్లో ఎవరికీ అంతా అర్థం కాదు. ఆరో పాఠం ఎవరూ చెప్పకుండా మీరే తెరిచారా? పాఠం ఆపేశాక అందులోని విషయం సిటీ బస్సులో గుర్తొచ్చిందా? అర్థం కాని చోట వెనక్కి వెళ్లారా, మూసేశారా? ఈ మూడూ నోట్‌బుక్‌లో రాయండి. నేను డిగ్రీలో చేరే ముందు ఎవరో చెబితే స్టాటిస్టిక్స్ పాత పుస్తకం ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని తిరగేశాను, సంభావ్యత చాప్టర్‌లో ఒక లెక్క మూడు రోజులు తిన్నగా తిననివ్వలేదు. అలాంటి లెక్క మీకు ఏ సబ్జెక్టులో తగులుతుందో వెతకండి.

ఈ ఊరికి స్టాటిస్టిక్స్‌తో ఒక పాత బంధం కూడా ఉంది. సి.ఆర్. రావు గారు ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నారు, చదివింది గణితం. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు 1941లో చేరారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆ శాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. ఇంటర్ అయ్యేసరికి ఆయనకు స్టాటిస్టిక్స్ అన్న బ్రాంచ్ కళ్లముందు లేదు. ఇప్పుడే అన్నీ తేలిపోవాలని భయపడేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఆయన సంగతే.

నాలుగో పని: ఆ పని చేసేవాళ్లను కలవడం

విశాఖలో ఉన్న మనకి ఇది పెద్ద వరం. స్టీల్ ప్లాంట్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, పోర్టు, రిఫైనరీ, నేవీ, నేవీ కోసం పరిశోధనలు చేసే ఎన్‌ఎస్‌టీఎల్, పెదగంట్యాడ మెడ్‌టెక్ జోన్, రుషికొండ ఐటీ కంపెనీలు, ఫార్మా. మీ అపార్ట్‌మెంట్‌లోనో, అమ్మ వాళ్ల ఊరి వాళ్లలోనో వీటిలో ఒకదానిలో పనిచేసేవాళ్లు తప్పకుండా ఉంటారు. ముగ్గుర్ని కలవండి: ఆ బ్రాంచ్ రెండో ఏడాదిలో ఉన్న విద్యార్థి, చదువయ్యి మూడునాలుగేళ్లు పనిచేసినవాళ్లు, ఆ బ్రాంచ్ వదిలేసినవాళ్లు. మూడోవాళ్లను ఎవరూ అడగరు, అసలు విషయం వాళ్ల దగ్గరే ఉంటుంది.

"స్కోప్ ఉందా అన్నయ్యా?" అని అడగొద్దు. ఉందని ఒకరు, లేదని ఒకరు చెప్తారు, మీకు టెన్షన్ తప్ప ఏం మిగలదు. దాని బదులు "నిన్న పొద్దున్న డ్యూటీకెళ్లిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు?" అని అడగండి. గంటగంటకీ చెప్పించుకోండి. ఎంతసేపు స్క్రీన్ ముందు, ఎంతసేపు మనుషులతో, ఎంతసేపు మెషిన్ దగ్గర, షిఫ్టులున్నాయా. తర్వాత "రెండో ఏడాదిలో ఏ సబ్జెక్టు వల్ల ఇంక మానేద్దాం అనిపించింది?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు చాలు.

ఇలా అడిగితేనే తెలిసే తేడాలు కొన్ని ఉంటాయి. ఓడలంటే ఇష్టమని చాలామంది మన పిల్లలు మెరైన్ అంటారు. మెరైన్ ఇంజినీరింగ్ అంటే నెలల తరబడి సముద్రం మీద, ఓడ ఇంజిన్ గదిలో ఉండి దాన్ని నడిపించడం. నేవల్ ఆర్కిటెక్చర్ అంటే ఒడ్డున కూర్చుని ఓడ ఆకారాన్ని, తేలే తీరుని డిజైన్ చేయడం, అది మన ఊళ్లోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో చెబుతారు, ఆ యూనివర్సిటీ సెట్ వేరే రాయాలి. మర్చంట్ నేవీలోకి వెళ్లాలంటే రంగులు సరిగ్గా గుర్తుపట్టే చూపు ఉండి తీరాలి. ముందే కంటి డాక్టరు దగ్గర పది నిమిషాల పరీక్ష చేయించుకోండి, కోర్సులో చేరి డబ్బు కట్టాక తెలిస్తే ఎంత బాధో ఊహించండి.

ఇంకొన్ని దారులు ఇంటర్ తర్వాత కనిపించవు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చిన్నపిల్లలుగా ఉండి, ఆ గాలి ఎక్కడ్నుంచి వచ్చిందని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నవాళ్లకు ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. జియాలజీ, జియోఫిజిక్స్ విభాగాలూ ఉన్నాయి. ఇలాంటివాటిలో చాలావాటికి తలుపు పీజీ దగ్గర తెరుచుకుంటుంది, దానికి డిగ్రీలో గణితం, ఫిజిక్స్ లాంటివి గట్టిగా చదివి ఉండాలి. బీఎస్సీ అంటే ర్యాంకు రానివాళ్ల చదువు అనేవాళ్ల మాట మీద మాత్రం నిర్ణయం తీసుకోకండి.

అయిదో పని: డబ్బు, దూరం, కాలేజీ

ఇష్టం, సామర్థ్యం తేలాక ఇంటి లెక్క. నాలుగేళ్ల మొత్తం ఖర్చు వేయండి, ఒక్క ఏడాది ఫీజు కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీకు వర్తిస్తుందా, ఎంతవరకు, ఆ కాలేజీలో ఆ కోర్సుకి నిజమైన ఫీజు ఎంత, బస్సు, హాస్టల్, ల్యాప్‌టాప్. గాజువాక నుంచి భీమిలి వైపు కాలేజీకి రోజూ తిరిగితే ఎన్ని గంటలు రోడ్డు మీద పోతాయో ఒక రోజు పొద్దున్నే బస్సెక్కి మీరే చూడండి.

కాలేజీల నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపుల్లో నాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకి విడిగా ఇస్తారు. బోర్డు మీద నాక్ ఏ ప్లస్ అని ఉన్నా, మీరు చేరే బ్రాంచ్‌కి ఎన్‌బీఏ ఉందా అని అడగండి. ప్లేస్‌మెంట్ల గురించి పెద్ద జీతం ఎంత అని కాకుండా, ఈ బ్రాంచ్‌లో ఎంతమంది ఉన్నారు, అందులో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థంగా జీతం ఎంత అని అడగండి. జవాబు దాటేస్తే అదీ ఒక జవాబే.

మంచి కాలేజీనా, ఇష్టమైన బ్రాంచా? నా అభిప్రాయం చెప్తాను. మూడో పనిలో ఒక బ్రాంచ్ మిమ్మల్ని గట్టిగా పట్టుకుని ఉంటే బ్రాంచ్. మూడూ ఒకేలా ఉన్నాయనిపిస్తే కాలేజీ. సీఎస్‌ఈలో ఏఐ అనో డేటా సైన్స్ అనో సైబర్ సెక్యూరిటీ అనో పేర్లు చూసి తికమక పడొద్దు, రెండో ఏడాది సబ్జెక్టులు పక్కపక్కన పెట్టి చూడండి, చాలావరకు అవే ఉంటాయి. ఆ పేరు కోసం మేనేజ్‌మెంట్ సీటుకి లక్షలు కట్టేముందు మూడో ఏడాది నుంచి ఆ ప్రత్యేక సబ్జెక్టులు ఎవరు చెబుతారో అడగండి.

ఆరో పని: ఇంట్లో చెప్పడం

నాన్నగారి ముందు నిలబడి "నాకు ఇది ఇష్టం లేదు" అంటే గొడవే. ఆయన భయం మీ చదువు గురించి కాదు, మీకు ఉద్యోగం రాకపోతే ఏమిటన్నది. ఆ భయానికి జవాబు తీసుకెళ్లాలి. నోట్‌బుక్ తీసుకెళ్లండి. "నాన్నా, ఈ మూడు బ్రాంచ్‌లూ మూడు వారాలు చదివి చూశాను, ఇది నా వల్ల అయింది, ఇది కాలేదు. షిప్‌యార్డ్‌లో పనిచేసే ఫలానా అంకుల్‌తో మాట్లాడాను, ఆయన నంబరు ఇదిగో, మీరూ మాట్లాడండి" అనండి. ఎప్పుడూ రెండు దారులు చూపించండి, మీరు కోరుకున్నది, అది రాకపోతే ఒప్పుకోగలిగిన రెండోది. పెద్దనాన్నలు, మేనత్తలు ఉన్న పెళ్లి సందడిలో ఈ మాట ఎత్తొద్దు, నలుగురిలో నాన్న వెనక్కి తగ్గలేరు. అమ్మకి ముందు చెప్పండి. మా ఇంట్లో నేను మానేస్తానన్న రోజు అమ్మే ముందు అర్థం చేసుకుంది, గాజులు పెట్టింది ఆవిడే అయినా.

ఏడో పని: ఆప్షన్ల వరస

సీటు కేటాయింపు ఎలా జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ జాబితా పై నుంచి కిందికి చూస్తారు, మీకు అర్హత ఉన్న సీటు ఖాళీగా ఎక్కడ మొదట కనిపిస్తే అది ఇస్తారు. కింద ఉన్నవి ఇంక చూడరు. కాబట్టి వరస మీ ఇష్టం ప్రకారం పెట్టండి, వస్తుందా రాదా అన్న అంచనా ప్రకారం కాదు. రాదేమో అనుకున్నదాన్ని పైన పెట్టినందువల్ల కిందది పోదు. చాలామంది దీన్నే తలకిందులు చేసి, ఖచ్చితంగా వచ్చేదాన్ని మొదట పెట్టి, దాన్నే తెచ్చుకుని బాధపడతారు.

పోయినేడాది ఆఖరి ర్యాంకులు మీ కేటగిరీలో, మీ రీజియన్‌లో చూడండి, ఓపెన్ ర్యాంకు చూసి దిగులుపడొద్దు. వస్తే చేరను అనుకున్న కాలేజీని అసలు పెట్టొద్దు. రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతట అదే పోతుంది, అందుకని రెండో విడతలో ఇప్పుడున్న దానికన్నా నిజంగా మేలైనవి మాత్రమే పెట్టండి. జాబితా ముందు కాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచ్ కోడ్‌తో రాసుకుని తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోండి. నెట్ సెంటర్ అబ్బాయికి పాస్‌వర్డ్ ఇచ్చి వచ్చేయకండి.

డిగ్రీలో చేరేవాళ్లకు ఆన్‌లైన్ ప్రవేశాలు వేరే ఉంటాయి. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి మొదలైంది, నేను చదివినట్టు మూడు సబ్జెక్టులు సమానంగా కాకుండా ఒక మేజర్, దానికి తోడు మైనర్. ఇలాంటి నిబంధనలు మధ్యలో మారుతుంటాయి, మీరు చేరే ఏడాది ఏది ఉందో కాలేజీలోనే అడగండి.

చేరాక

మొదటి సెమిస్టర్‌లో బాధగా ఉంటే వెంటనే బ్రాంచ్ తప్పు అనుకోవద్దు. ఇల్లు గుర్తురావడం, ఇంగ్లీషులో పాఠం అందకపోవడం, హాస్టల్ తిండి, ఇవన్నీ కలిసి సబ్జెక్టు మీద కోపంలా కనిపిస్తాయి. నేనైతే రెండో సెమిస్టర్ చివర ఇంకోసారి నోట్‌బుక్ తీయమంటాను. ఇల్లు అలవాటయ్యాక కూడా ఆ సబ్జెక్టుల్లో ఒక్కటీ మీ అంతట మీరు తెరవకపోతే, అప్పుడు ఆలోచించాలి.

మానేయడం ఒక్కటే దారి కాదు. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నిబంధనల్లో బీటెక్‌కి 160 క్రెడిట్లు, దాని మీద ఇంకో 18 నుంచి 20 చదివితే వేరే విభాగంలో మైనర్ డిగ్రీ వస్తుంది. మెకానికల్ చదువుతూ కంప్యూటర్స్‌లో మైనర్ చేయొచ్చు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ కూడా కొన్ని జతల్లో రెండు పేపర్లు రాయనిస్తుంది, పీజీలో దారి మార్చుకోవచ్చు. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి ఒప్పుకుంది, అయితే రెంటికీ న్యాయం చేయగలరా అన్నది మీ నోట్‌బుక్‌నే అడగండి. ఇవన్నీ చూశాక కూడా మానేయాలనిపిస్తే మొదటి ఏడాదిలోనే మానేయండి, మూడో ఏడాది దాకా లాగొద్దు. మూడు దాటాక ఉన్నది పూర్తిచేసి పీజీలో మారడమే మేలు.

నాలుగే రోజులు మిగిలితే

ఇది చదివేసరికే జూలై వచ్చేసి ఉండొచ్చు. అయినా కూర్చోండి. మొదటి రోజు మూడు బ్రాంచ్‌ల రెండో ఏడాది సిలబస్‌లు ప్రింట్ తీసి, ఒక్కో దానిలో ఒక ఎన్‌పీటెల్ పాఠం వినండి. రెండో రోజు ఇద్దరికి ఫోన్ చేయండి, ఒకరు విద్యార్థి, ఒకరు పనిచేస్తున్నవాళ్లు, నిన్న ఏం చేశారని అడగండి. మూడో రోజు పొద్దున్న ఫీజులు, దూరాలు, ఎన్‌బీఏ. సాయంత్రం అమ్మానాన్నలతో. నాలుగో రోజు మధ్యాహ్నంలోపు కాగితం మీద వరస, సాయంత్రం ఆరింటికల్లా వెబ్‌లో ఎక్కించి, సేవ్ చేసి, లాగౌట్ అయ్యి, మళ్లీ లాగిన్ అయ్యి అదే వరస ఉందో లేదో చూసుకుని, ప్రింట్ తీసి నోట్‌బుక్‌లో పెట్టుకోండి. మా పై వాటా అమ్మాయి మొదటి విడతలో వచ్చిన సీటులో చేరాక ఈ పని మొదటి నుంచి మళ్లీ చేసింది, రెండో విడతకి అరవైకి బదులు తొమ్మిది ఆప్షన్లు పెట్టింది. అయిదోది వచ్చింది.